బాపు దిగిన టెర్మినల్

ఆ రోజుల్లో నాకు ఇంగ్లీషు వచ్చని మా ఊరంతా నమ్మేది. నాకూ అదే నమ్మకం ఉండేది గనుక వాళ్ళను తప్పుపట్టలేను. డిగ్రీ మొదటి సంవత్సరంలో ఉన్నాను. కాలేజీ అయిపోయాక పెద్దపల్లిలో ఒక చెప్పుల దుకాణం పైన ఉన్న గదిలో స్పోకెన్ ఇంగ్లీషు క్లాసుకు పోయేదాన్ని. అక్కడి సారును మేము చాటుగా ‘ఫ్లో సార్’ అనుకునేవాళ్ళం. “ఫ్లో రావాలె. ఫ్లో వస్తే మీనింగ్ దాని ఎనుకనే వస్తది” అనేది ఆయన సిద్ధాంతం. (ఎనుకనే అన్నాడు గాని ఎంత ఎనుక అనేది చెప్పలేదు.) ప్రయాణాల పాఠం నాడు ఆయన బల్ల మీద దరువేస్తూ బోర్డింగ్, డిపార్చర్, అరైవల్, లగేజ్, టెర్మినల్ అని మా అందరితో ఎక్కాలు చదివించినట్టు చదివించాడు. టెర్మినల్ అంటే ఏంది సార్ అని ఎవరో అడిగితే, “ఎండింగ్. బండి ఆడ ఆగిందంటే ఇగ ముంగటికి పోదు. ఆఖరుది” అన్నాడు. ఆ మాటలన్నీ క్లాసులో అందరికంటే వేగంగా అప్పజెప్పింది నేనే. అప్పటికి నేను ఎక్కిన అతి పెద్ద వాహనం మంచిర్యాల ప్యాసింజరు రైలు.

మా బాపు (మా దిక్కు నాన్నను బాపు అని, అమ్మను అవ్వ అని అంటాం) మస్కట్‌లో బిల్డింగు పనికి పోయి చాలా ఏండ్లయింది. వచ్చినప్పుడల్లా బొంబాయిలో దిగి, బస్సెక్కి, ఎవరికీ ముందుగా చెప్పకుండా తెల్లారేసరికి వాకిట్లో నిలబడే మనిషి. తనను తీసుకుపోవడానికి రమ్మని ఒక్కసారి కూడా అన్నది లేదు. అలాంటి మనిషి ఒకనాటి సాయంత్రం ఫోన్ చేసి, “కాలు జర బెణికింది. కంపెనోళ్ళు ఇంటికి పంపుతున్నరు. టికెట్ బొంబాయి దాంకనే ఇచ్చిన్రు. రేపు పగటీలి టెర్మినల్ టూల దిగుతనట. ఎవ్వలన్న వస్తే మంచిగుండు” అన్నాడు. ఫోన్ పెట్టేశాక అవ్వ గోడ దిక్కు చూసింది. “కాలు బెణికితే ఎవ్వలన్న ఇంటికి పంపుతరా?” అంది. ఆ ప్రశ్న నన్ను కాదని నాకు తెలుసు.

పోవడానికి ఇంట్లో మగదిక్కు మా మేనమామ ఒక్కడే. ఆయన పచ్చకామెర్లతో మంచం మీద ఉన్నాడు. మంచం మీది నుంచే తీర్పు చెప్పాడు: “బస్సుల పోతే టైముకు చేరరు. విమానంల పోండ్రి. పిల్లకు ఇంగ్లీషు వస్తది గదా, ఫికర్ ఎందుకు?” నెట్ సెంటర్‌లో టికెట్లు తీయించి, ఆ రాత్రే మమ్మల్ని హైదరాబాదు బస్సెక్కించారు. బస్సులో అవ్వ కళ్ళు మూసుకుని ఉంది గాని నిద్రపోలేదు. నేను మాత్రం దారి పొడుగునా బోర్డింగ్, డిపార్చర్, అరైవల్ అని పెదాలు కదుపుతూనే ఉన్నాను. (పరీక్షకు ముందు కూడా అంత చదవలేదు.)

ఎయిర్‌పోర్టులో తెరల మీద ఎక్కడ చూసినా బోర్డింగ్, బోర్డింగ్ అని వస్తోంది. “బోర్డింగ్ అంటే పిల్లలను తోలేది గాదా? మనల్ని ఎందుకు తోలుతున్నరు?” అని అవ్వ అడిగింది. మా చిన్నమ్మ కొడుకు మూడేండ్లు బోర్డింగు బడిలో చదివాడు మరి. “ఇది వేరే బోర్డింగ్ అవ్వా” అన్నాను. ఎలా వేరో నాకూ తెలియదు గాని, గొంతు మాత్రం తెలిసినదాని గొంతే. విమానం లోపల పట్టీ పెట్టుకున్నాక, ఫోన్లు ఫ్లైట్ మోడ్‌లో పెట్టాలని ఒకామె వచ్చి చెప్పింది. ఆ మాట నాకు ఒక్కసారికే అర్థమైంది. మా ఇద్దరికీ కలిపి ఉన్న ఒక్క ఫోనూ అవ్వ చేతిలోంచి లాక్కుని మీట నొక్కాను. తెర మీద చిన్న విమానం బొమ్మ ప్రత్యక్షమైంది. మేము విమానంలో ఉన్నామని ఫోనుకు కూడా తెలిసిపోయిందని ఎంత మురిసిపోయానో! ఆ మురిపెం పది నిమిషాలు కూడా నిలవలేదు. విమానం లేచేటప్పుడు అవ్వ నా మణికట్టును పట్టుకున్న పట్టుకు గాజులు రెండు పగిలాయి.

బొంబాయిలో బయటికి రాగానే పెద్ద అక్షరాలతో టెర్మినల్ వన్ అని కనబడింది. నేను ఆగి ఆలోచించాను. టెర్మినల్ అంటే ఆఖరుది. ఆఖరుది ఏ ఊరికైనా ఒక్కటే ఉంటుంది. కాబట్టి వన్ అంటే ఒకటో తలుపు, టూ అంటే రెండో తలుపు. ఇంత సులువైన సంగతికి రాత్రంతా ఎందుకు భయపడ్డానా అనిపించింది. నాలుగడుగులు వేయగానే రెండు అని రాసి ఉన్న తలుపు కూడా దొరికింది. “గిదే అవ్వా. టెర్మినల్ అంటే ఆఖరుది. బాపు గీ తలుపుల కెళ్ళే వస్తడు” అని అవ్వను అక్కడ నిలబెట్టాను.

పగటీలి అయింది, సూర్యుడు నడినెత్తికి వచ్చాడు. ఆ తలుపులోంచి జనం వస్తూనే ఉన్నారు, బాపు మాత్రం రావడం లేదు. అవ్వ బాపు కోసమని సర్వపిండి చేసి తెచ్చింది. ఆ డబ్బాను చంకలో పెట్టుకుని వచ్చేవాళ్ళను ఒక్కొక్కరినే పరీక్షగా చూస్తోంది. చాలాసేపటికి, “గీళ్ళు అరబ్బు దేశం కెళ్ళి వచ్చినోళ్ళ లెక్క లేరు బిడ్డా. ఒక్కల దగ్గర గూడ కంబలి లేదు, తాడు కట్టిన డబ్బా లేదు” అంది. “ఇప్పుడు ఎవ్వరు తెస్తలేరవ్వా, అన్ని ఈడనే దొరుకుతున్నయ్” అన్నాను. అన్నానే గాని నేనూ వాళ్ళ చేతుల దిక్కే చూస్తున్నాను. వాళ్ళందరి చేతుల్లో చిన్న చిన్న సంచులే. ఇస్త్రీ చొక్కాలు, ఆఫీసు బూట్లు. ఇంకొంతసేపు గడిచింది. విమానంలో బాపుకు ఒంట్లో బాగాలేక ఎక్కడో దింపేశారేమో, కాగితాలు సరిగా లేవని పోలీసులు కూర్చోబెట్టారేమో, మేము కనబడక కుంటుకుంటూ ఒక్కడే బస్సు వెతుక్కుంటూ పోయాడేమో అని నాకు తోచని ఆపద లేదు. అవ్వ ముఖం చూడాలంటే భయం వేసింది.

నన్ను నమ్ముకుంటే లాభం లేదని అవ్వకు ఎప్పుడు తోచిందో గాని, డబ్బా నా చేతిలో పెట్టి అటు నిలబడ్డ మహిళా పోలీసు దగ్గరికి నడిచింది. నేను వెనకాలే పరుగెత్తుతూ ఎక్స్‌క్యూజ్ మీ మేడమ్ దాకా వాక్యం తయారు చేసుకున్నాను, ఆ తర్వాతిది రాలేదు. ఈలోగా అవ్వ, “తాయీ, మస్కత్‌చం విమాన్ కుఠే ఉతరతం?” అని మస్కట్ విమానం ఎక్కడ దిగుతుందో మరాఠీలో అడిగేసింది. అవ్వ పుట్టిల్లు ఆదిలాబాద్‌లో మహారాష్ట్ర సరిహద్దు దగ్గర. ఇంట్లో ఎప్పుడూ మాట్లాడదు గాని సంతలో బేరమాడేంత మరాఠీ ఆమెకు ఉంది. పోలీసామె చేతులు తిప్పుతూ ఏదో పెద్దగా చెప్పింది. అవ్వ తిరిగి వచ్చి, “గిది గాదట. రెండోది అలాదుగ, దూరంల ఉన్నదట. బండి మాట్లాడుకొని పోవాలెనట. బయటి దేశాల కెళ్ళి వచ్చేటియి అన్ని గాడనే దిగుతయట” అంది. తిట్టలేదు. టాక్సీ ఎక్కాక మాత్రం, “ఆఖరుది రెండుంటయా పిల్లా?” అని అడిగింది. “బొంబాయి పెద్దది గదా అవ్వా” అన్నాను కిటికీ దిక్కు తిరిగి.

సగం దూరం పోయాక టాక్సీవాడు వెనక్కి తిరిగి, డిపార్చరా అరైవలా అని అడిగాడు. ఈసారి తప్పు చేయకూడదని గట్టిగా ఆలోచించాను. అరైవల్ అంటే రావడం. బాపు వచ్చేసి ఇప్పటికే చాలాసేపయింది. ఇక ఆయన చేయాల్సింది అక్కడి నుంచి బయలుదేరడమే. “డిపార్చర్!” అన్నాను, ఫ్లో సార్ మెచ్చుకునేంత స్పష్టంగా. టాక్సీ ఏదో వంతెన ఎక్కి ఎక్కడో పైన దింపింది. అక్కడ దండలు వేసేవాళ్ళు, కౌగిలించుకుని ఏడ్చేవాళ్ళు, పెట్టెలు తోసుకుంటూ లోపలికి పోయేవాళ్ళు. ఈసారి తాడు కట్టిన డబ్బాలూ ఉన్నాయి గాని, అవన్నీ లోపలికే పోతున్నాయి. “అందరు లోపటికే పోతున్నరు, ఒక్కలు గూడ బయటికి వస్తలేరు” అంది అవ్వ. తలుపు దగ్గర తుపాకీ పట్టుకున్నాయన టికెట్ అడిగాడు. మా దగ్గర ఉన్నది పొద్దున దిగిన విమానం టికెట్. ఆయన దాన్నీ నన్నూ మార్చి మార్చి చూసి, పక్కకు నిలబడమన్నాడు. అప్పటిదాకా ఆపుకున్న ఏడుపు అక్కడ బయటపడింది.

“ఏడ్వకు. మామకు ఫోన్ కొట్టు” అంది అవ్వ. కొట్టాను, కలవలేదు. మళ్ళీ కొట్టాను. అప్పుడు కనబడింది తెర మీద ఆ చిన్న విమానం. మేము దిగి ఎంతో సేపయినా అది ఇంకా గాల్లోనే ఉంది. మీట తీసేసరికి ఫోను గుయ్యిమంటూ ఆగకుండా మోగింది. మామ పేరు, దాని కింద తెలియని నంబరు, మళ్ళీ అదే నంబరు, మళ్ళీ అదే. ఆ నంబరుకు చేస్తే ఎవరో హిందీలో రెండు మాటలు మాట్లాడి ఫోను ఎవరికో ఇచ్చాడు.

“ఏడున్నరు బిడ్డా?”

బాపు గొంతు. “పైన బాపూ” అన్నాను.

“పైన అంటే?”

“డిపార్చర్ల.”

“గాడెందుకున్నరు? నన్ను మళ్ల మస్కట్ తోలుతరా ఏంది?” అన్నాడు. ఏడుస్తూనే నవ్వాను. అవ్వ ఫోను లాక్కుని, “ఉన్న కాడనే ఉండు, కదలకు” అని గట్టిగా అరిచింది. (కదలలేని మనిషికి ఆ మాట చెప్పామని మాకు అప్పటికి తెలియదు.)

లిఫ్టులో కిందికి దిగాం. బాపు చక్రాల కుర్చీలో ఉన్నాడు. తొడ నుంచి వేళ్ళ దాకా పిండికట్టు. పక్కన కంబలి, తాడు కట్టిన డబ్బా, కుర్చీ తోసుకొచ్చిన ముసలాయన. ఇంటివాళ్ళు వచ్చేదాకా పోనని ఆయన తన ఫోనిచ్చి బాపు పక్కనే నిలబడ్డాడట. అవ్వ ఆ కాలునే చూస్తూ నిలబడింది. “గిది బెణుకుడా?” అంది. “జర ఎక్కువ బెణికింది” అన్నాడు బాపు, నేలచూపులు చూస్తూ. పనివాళ్ళు నిలబడేందుకు గోడకు కట్టిన గోవ మీది నుంచి పడ్డాడని, లోపల ఇనుప కడ్డీ వేశారని తర్వాత తెలిసింది. అప్పుడు అవ్వ నా చేతిలోని డబ్బా తీసుకుని, మూత తెరిచి, సర్వపిండి ముక్క విరిచి ఆయన చేతిలో పెట్టింది. బాపు తింటూ నా దిక్కు చూసి, “భయపడ్డవా?” అన్నాడు. “లే” అన్నాను. “నేనైతే మస్తు భయపడ్డ. మీరు ఏడనో తప్పిపోయిన్రనుకున్న” అన్నాడు. నేను ఆయన గురించి ఏమేమి ఊహించి వణికానో, ఆయన మా గురించి అంతకు రెండింతలు ఊహించుకుని కూర్చున్నాడు.

పడుకునే బస్సులో ఊరికి వచ్చాం. చూడవచ్చిన వాళ్ళందరికీ బాపు మంచం మీద కాలు చాపుకుని ఒకటే మాట చెప్పేవాడు: “నా బిడ్డ బొంబాయి దాంక వచ్చి, అందరితోని ఇంగ్లీషుల మాట్లాడి, నన్ను పట్కచ్చింది.” అవ్వ చాయ గ్లాసులు అందిస్తూ నన్ను ఒక్కసారి చూసి వంటింట్లోకి పోయేది. నేను గ్లాసులోకి తల వంచేదాన్ని.

ఇప్పుడు నేను కరీంనగర్‌లో ఉద్యోగం చేస్తున్నాను. ఆఫీసు పని మీద అప్పుడప్పుడు విమానం ఎక్కుతాను, ఎక్కినప్పుడల్లా అరచేతులకు చెమట పడుతుంది. బాపు కాస్త కుంటుతూ బీరపాదులు పెంచుతున్నాడు. మొన్న ఇంటికి పోయినప్పుడు ఎవరో చుట్టాలకు మళ్ళీ అదే మాట చెప్తుంటే ఇక ఆగలేక, వాళ్ళు పోయాక జరిగినదంతా చెప్పబోయాను. బాపు చెయ్యెత్తి ఆపాడు. “నాకెరుకనే. అవ్వ బస్సులనే చెప్పింది, నువ్వు పండుకున్నంక” అన్నాడు.

“మరి ఎరుకై కూడ అందరికి అట్లెందుకు చెప్తవు బాపూ?”

“వచ్చినవా, లేదా?”

“వచ్చిన.”

“మరింకేంది?” అని పాదుకు నీళ్ళు పట్టడానికి లేచిపోయాడు. నేను అరుగు మీదే కూర్చుని, ఆనాడు తుపాకీ పట్టుకున్నాయనకు పాత టికెట్ చూపించి, చున్నీతో ముక్కు తుడుచుకున్న ఆ పిల్లను తలుచుకున్నాను. ఒక్క మాటకూ సరైన అర్థం తెలియకుండానే అంత దూరం పోయింది, పిచ్చిది. నవ్వొచ్చింది. ఇంతకాలంగా దాన్ని చూసి సిగ్గుపడుతూ వచ్చాను గాని, ఆ సాయంత్రం ఎందుకో అది కాస్త ముద్దుగానే అనిపించింది.