మేడమీద వాళ్ళ చలిమిడి

విజయనగరంలో ఆర్టీసీ కాంప్లెక్సు వెనక ఉన్న మా సందులో సొంతిల్లున్న వాళ్ళని వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. మిగతా అందరం అద్దెవాళ్ళమే. అందులోనూ నేనూ మా ఆయనా తప్ప దాదాపు అందరూ పాతికేళ్ళ పిల్లలు. ఆసుపత్రుల్లో పనిచేసే అమ్మాయిలు, కోచింగులకు వచ్చినవాళ్ళు, పొద్దున్నే కంపెనీ బస్సెక్కి భోగాపురం ఎయిర్‌పోర్టు పనులకు వెళ్ళే అబ్బాయిలు. ఎప్పుడు చూసినా ఏదో ఒక గేటుకి టులెట్ బోర్డు వేలాడుతూనే ఉంటుంది.

నేను గరివిడి దగ్గర పల్లెలో పెరిగాను. చిన్నప్పుడు జ్వరం తగిలి ఒక కాలు సన్నబడింది. బడి దూరమని నాన్నే ఇంట్లో పలక పట్టించారు. ఆయనకు వచ్చిందంతా నాకూ చెప్పారు, తిథులూ మైలలూ పురుళ్ళ లెక్కలతో సహా. కానీ ఈడు పిల్లల మధ్య ఒక్కరోజైనా కూర్చున్నదాన్ని కాదు. అందుకేనేమో, మా ఆయనకు ఇక్కడి బట్టల కొట్లో పని దొరికి ఈ ఇంటికి వచ్చాక, ఈ పిల్లల్ని చూడటంతోనే నాకు పొద్దు గడిచిపోయేది. వీళ్ళేం తింటారు? ఒక్క పెట్టెతో ఎలా సంసారం చేస్తారు? చెవుల్లో ఆ తీగలు పెట్టుకుని ఎవరితో నవ్వుతారు? గుమ్మంలో పీట వేసుకుని చిక్కుడుకాయలు ఒలుస్తూ అన్నీ గమనించేదాన్ని. పొద్దున్నే దీపం పెట్టి పైడితల్లమ్మకు దండం పెట్టుకునేటప్పుడు కుళాయి నీళ్ళకీ, మా ఆయన ఆరోగ్యానికీ, ఈ సందడికీ కలిపే చెప్పుకునేదాన్ని, చల్లగా చూశావు తల్లీ అని.

మా ఇంటి ముందు భాగంలో ఓనరమ్మ ఉంటుంది. వెనక భాగం మాది. మేడమీద ఒక జంట. అతను ఎయిర్‌పోర్టు పనిలో సూపర్‌వైజరు, ఆ అమ్మాయిది రక్తపరీక్షలు చేసే ల్యాబులో ఉద్యోగం. టెక్కలి వైపు పిల్ల. ఇద్దరూ ఇష్టపడి చేసుకున్నారని రెండు వైపులా రాకపోకలు లేవు. వాళ్ళ సంగతులు నాకు ముందు మా కప్పులోంచే తెలిసేవి. ఆరింటికి కుక్కరు మూడు కూతలు, ఏడింటికి మెట్ల మీద పరుగు. కొన్నాళ్ళకు కుక్కరు ఆగింది. పరుగు నడకైంది. ఎందుకో అర్థంకాక నేను కప్పు వంక చూస్తూ కూర్చునేదాన్ని.

ఒక సాయంత్రం ఆ అమ్మాయే మా గుమ్మంలోకి వచ్చింది.

"పిన్నీ, మీ ఇంట్లో ఉసిరికాయ పచ్చడి ఉన్నాదా? వాసన మేడమీదకి వస్తన్నాది."

గిన్నె ఇచ్చాను. అన్నం లేకుండా అరచేతిలో వేసుకుని నాకేసింది. నాకు నవ్వొచ్చింది.

"ఎన్నో నెలమ్మా?"

"ఐదు. ఓనరమ్మకి సెప్పకు పిన్నీ, నీకు పుణ్యముంటాది."

ఇల్లిచ్చేటప్పుడే ఓనరమ్మ ఖండితంగా చెప్పిందట, పురుడొచ్చే పనైతే ముందే ఖాళీ చెయ్యాలని. ఆ అమ్మాయికి పుట్టింటి ఆసరా లేదు. వేరే ఇల్లు వెతుకుతూ రెండు ఆదివారాలు ఊరంతా తిరిగారట. "ఎక్కడికెల్లినా ముందు నా పొట్టే సూస్తన్నారు పిన్నీ" అంది. సరేనన్నాను. రెండు నెలలు ఎవరి దగ్గరా నోరు విప్పలేదు. ఆ అమ్మాయి వదులు కుర్తాలు వేసుకుని, ఓనరమ్మ దేవుడి గదిలో ఉండే వేళ చూసి మెట్లు దిగేది.

ఏడో నెల వచ్చింది. ఆ పిల్ల ఒడిలో చలిమిడి పెట్టేవాళ్ళు ఎవరున్నారు? కొత్తవలసలో ఉన్న మా అమ్మాయికి నేనే చేశాను కదా, ఈమెకూ చేద్దామనుకున్నాను. శుక్రవారం బియ్యం నానబోసి, పెరటి రోట్లో దంచి, బెల్లం పాకం పట్టి, నెయ్యి వేసి కలిపాను. దేవుడి ముందు పెట్టి, గాజులతో పాటు మేడమీదకి తీసుకెళ్ళాను. బొట్టు పెట్టి ఒడిలో పెడితే ఆ అమ్మాయి ముద్ద వంకా నా వంకా చూసింది.

"దీన్నేటి సెయ్యాలి పిన్నీ?"

"తినాలి. నలుగురికీ పంచాలి."

పంచే పని నాది అన్నాను. పక్కింట్లో ఉండే నర్సమ్మాయిలకు ఇచ్చాను. పంచేటప్పుడు వరసలో గడప వదిలిపెట్టకూడదని చిన్నప్పటి నుంచీ అలవాటు. ఆ అలవాటే నన్ను తిన్నగా ఓనరమ్మ గుమ్మంలోకి నడిపించింది. ఈవిడకే తెలియకూడదన్న సంగతి ముద్ద చేతిలో పెట్టేదాకా నాకు తోచనేలేదు.

ఆవిడ నోట్లో వేసుకుంది.

"సలిమిడేటమ్మా? మీ అమ్మాయి గాని మళ్ళీ నీళ్ళోసుకున్నాదేటి?"

అవునంటే అక్కడితో పోయేది. చేతిలో దేవుడి ముందు పెట్టి తెచ్చిన గిన్నె. అబద్ధం రాలేదు. నా కళ్ళు మెట్ల వైపు వెళ్ళాయి.

"మేడమీద గుంటా! ఎన్నో నెల?"

"ఏడు."

"ఏడు నెలలు నా నెత్తి మీద నడిసింది, నాకు తెలీనేదు సూడు!"

సాయంత్రానికి మా గేటుకి టులెట్ బోర్డు వేలాడింది. ఆ అమ్మాయి డ్యూటీ నుంచి వచ్చి, బోర్డు చూసి, మా గుమ్మంలో కూలబడింది. "నువ్వు సలిమిడి పెట్టకపోయినా బాగుణ్ణు పిన్నీ" అంది. కోపంగా కూడా అనలేదు.

మర్నాడు దీపం పెట్టాను గాని, రోజూ చెప్పుకునే మాట ఒక్కటీ నోటికి రాలేదు. తప్పు నాది, దారి నువ్వే చూపించమని అడిగి, నేరుగా ఓనరమ్మ దగ్గరికి వెళ్ళాను.

"పురిటి మైల రక్తం పంచుకున్న వాళ్ళకేనమ్మా, ఇల్లు పంచుకున్న వాళ్ళకు లేదు. మా నాన్నగారు చెప్పేవారు" అన్నాను.

"మీ నాన్న సెప్పినాడేమో, మా అత్త సెప్పనేదు. నా దేవుడి గది సరిగ్గా ఆళ్ళ మంచం కిందన ఉన్నాది."

"మరి నిండు చూలాలి చేత ఇల్లు మార్పించమని మీ అత్తగారు చెప్పారా?"

ఆవిడ వత్తులు చేస్తున్న చెయ్యి ఆగింది.

"అది సెప్పనేదు" అంది. వత్తుల పళ్ళెం పక్కకు జరిపి, "తిన్నాను కూడాను. ఆ గుంట సలిమిడి తినీసి ఆ గుంటనే ఎలాగ పొమ్మంటాను? అసలు నాకెందుకు పెట్టినావమ్మా?"

"వరసలో మీ గడప దాటిపోకూడదని."

"దాటిపోవలసింది!"

బోర్డు అలాగే ఉంది. రెండు రోజులు ఎవరెవరో వచ్చి మేడ చూసి వెళ్ళారు. ఎవరు మెట్లెక్కినా నా గుండె వాళ్ళతో పాటే ఎక్కేది. మూడో రోజు ఒక కొత్త జంట వచ్చింది. నేను గుమ్మంలోంచే చెవులు రిక్కించాను.

"అదిప్పుడు ఇవ్వను. పురుడెల్లినాక సూద్దాం" అంది ఓనరమ్మ.

ఆ సాయంత్రం మెట్ల కింద నిలబడి పైకి కేకేసింది.

"ఒసే గుంటా, దిగకు, నానే వస్తన్నాను."

చేతిలో గిన్నె. నా పక్కనుంచి వెళుతూ ఆగింది.

"నీ సలిమిడి రాయిలాగుంది. పాకం ముదిరిపోయింది. అది తింటే కడుపుకి సలవ సేస్తాదేటి? ఇదిగో, సలిమిడంటే ఇది" అని వేలెడంత నా చేతిలో పెట్టింది. నిజమే, వెన్నలా ఉంది.

పైన ఏం మాట్లాడుకున్నారో పూర్తిగా వినపడలేదు. "మంచం అక్కడొద్దు. నా దేవుడి మీద ఉన్నాది. అలాగ ఎనక్కి జరపండి" అన్నది మాత్రం వినిపించింది. తరవాత ఇనప మంచం కాళ్ళు కీచుమంటూ, ముందు భాగం నుంచి వెనక్కి మా కప్పు అంతా గీసుకుంటూ వచ్చాయి. ఆగుతాయి, మళ్ళీ కదులుతాయి. నేను కింద వాటితో పాటే నడిచాను. సరిగ్గా మా వంటింటి మీదకు వచ్చి ఆగాయి.

టులెట్ బోర్డు ఇప్పుడు పెరట్లో నీళ్ళ తొట్టికి మూత. నెలలు నిండుతున్నాయి. బిడ్డ పుట్టి ఇంటికొస్తే మొదటి ఏడుపు ముందు నాకే వినపడుతుంది. పొద్దున దండం పెట్టుకునేటప్పుడు ఇప్పుడు ఆ మంచానికి కూడా కలిపే చెప్పుకుంటున్నాను, చల్లగా చూశావు తల్లీ అని.