పెదవుల మీద వెలుతురు

పోయిన నెలలో అనకాపల్లిలో టీచర్ల శిక్షణలో ఉండగా మా వారి దగ్గర నుంచి ఫోను వచ్చింది. "అప్ప పోయిందే" అన్నారు. పొద్దున్నే కాఫీ తాగి, గ్లాసు కడిగి బోర్లించి, వరండాలో కుర్చీలో కూర్చున్న మనిషి అలాగే వెళ్లిపోయిందట. మా వారికి అప్ప, అంటే అక్క; నాకు వదిన. అరవై ఆరేళ్లు. చోడవరంలో మా పేట ఆడవాళ్లలో ఆవిడ కుట్టిన జాకెట్టు తొడుక్కోనివాళ్లు తక్కువ. చూడటానికి వచ్చినవాళ్లంతా ఆవిడ కుట్టు గురించే చెప్పుకున్నారు. నాకు మాత్రం ఇంకో సంగతి చెప్పుకోవాలని ఉంది. అందులో నా తప్పు కూడా ఉంది.

నేను ఈ ఇంటికి కోడలిగా వచ్చేసరికే వదిన భర్తని పోగొట్టుకుని తమ్ముడి దగ్గర ఉంటోంది. నాకు బి.ఇడి. సీటు వచ్చేనాటికి చంటిపిల్ల చేతిలో ఉంది. ఇంక చదువేమిటిలే అని ఆ కాగితం మడిచి బియ్యం డబ్బా కింద పెట్టేశాను. వదినకి అది దొరికింది. "గుంటని నాకొగ్గేసి నువ్వెల్లు. నా మిషను సప్పుడుంటే దానికి ఉయ్యాల కూడా అక్కర్లేదు" అంది. నేను చదువు పూర్తి చేసేదాకా రోజూ విశాఖపట్నం బస్సెక్కి వెళ్లి వస్తుంటే, మా అమ్మాయి ఆ కుట్టుమిషను పక్కనే పాకింది, నడిచింది. ఇవాళ నేను హైస్కూల్లో లెక్కల టీచర్ని అంటే అది ఆవిడ పెట్టిన భిక్షే.

మూడేళ్ల క్రితం కె.కోటపాడు రోడ్డులో సొంత ఇల్లు కట్టుకున్నాం. హాల్లో ఫాల్స్ సీలింగు చేయించి, అందులో గుండ్రటి లైట్లు పొదిగించాలని పట్టుబట్టింది నేనే. వచ్చిన చుట్టాలు తలెత్తి చూసి బాగుందంటుంటే పొంగిపోయేదాన్ని. కొత్తింటికి వచ్చిన కొన్నాళ్లకే వదిన మా మధ్య కూర్చోవడం మానేసింది. సాయంత్రం భోజనానికి పిలిస్తే కంచం పట్టుకుని తన గదిలోకి వెళ్లిపోయేది. మాట్లాడిస్తే "ఊఁ" అనేది. ఒక్కోసారి అడగనిదానికి జవాబు చెప్పేది. ఇల్లు ఆవిడకి నచ్చలేదనుకున్నాను. తర్వాత నా మీదే కోపమనుకున్నాను.

"నేను గొప్పలు పోతన్నానని మీ అప్పకి కష్టంగా ఉన్నట్టుంది" అన్నాను ఒకసారి మా వారితో.

"అప్ప అలాటిది కాదు" అన్నారాయన. ఇద్దరం అనుకున్నామే గానీ వెళ్లి ఆవిడని అడగలేదు.

ఒక సాయంత్రం గాలివానకి కరెంటు పోయింది. ఛార్జింగు లైటు తెచ్చి భోజనాల బల్ల మీద పెట్టాను. వదిన గదిలో చీకటి కాబట్టి ఆవిడా వచ్చి మాతో కూర్చుంది. ఆ పూట ఆవిడ మాట్లాడిన మాటలు ఏడాది మాటలు! మా అమ్మాయి కాలేజీ కబుర్లు చెబుతుంటే ఎదురు ప్రశ్నలు వేసింది, కళ్లనీళ్లు వచ్చేలా నవ్వింది. అన్నం మధ్యలో ఉండగా కరెంటు వచ్చింది. సీలింగులో లైట్లన్నీ ఒక్కసారి వెలిగాయి. మా అమ్మాయి ఛార్జింగు లైటు ఆర్పేసింది. రెండు నిమిషాలు గడిచాయో లేదో, వదిన కంచం చేత్తో పట్టుకుని లేచింది.

లేచి వెళ్లి ఆవిడకి అడ్డంగా నిలబడ్డాను. "ఏటి వదినా, ఇంతసేపూ బాగానే ఉన్నావు కదా! ఏమైంది?"

ఆవిడ నా మొహంలోకి చూసింది. ఏదో వెతుకుతున్నట్టు చూసింది. మళ్లీ అడిగాను. అప్పుడు మెల్లగా అంది: "నీ నోరు అగుపడదే."

నాకు అర్థం కాలేదు. కంచం బల్ల మీద పెట్టించి, ఛార్జింగు లైటు మళ్లీ వెలిగించాను. ఆ వెలుతుర్లో ఆవిడ చెప్పింది. చెవులు ఎప్పుడో మందగించాయట. పాత ఇంట్లో ఉండగానే, ఎదుటివాళ్ల పెదవులు చూసి మాట పట్టడం తనంతట తనే నేర్చుకుందట. అక్కడ గోడకి ట్యూబులైటు ఉండేది, అందరి మొహాలూ తేటగా కనబడేవి. ఇక్కడ వెలుతురు తిన్నగా నెత్తి మీంచి పడుతుంది. నుదురు మెరుస్తుంది, ముక్కు కింద అంతా నీడే.

"మాకు ఒక్క మాట చెప్పకపోయావా?"

"సెవిటిదని తెలిస్తే మడుసులు రెండే పనులు సేస్తారే. అరుస్తారు. నేదంటే మాటాడ్డం మానేస్తారు. మీరు ఆ రెండూ సెయ్యకుండా ఉండాలని."

మా అమ్మాయి ఏడ్చేసింది. నేను ఏడవలేదు గానీ, ఆవిడ గురించి మా వారితో అన్న మాటలు గుర్తొచ్చి ఆ పూట అన్నం సయించలేదు.

మర్నాడే మా వారు ఆవిడని విశాఖపట్నం తీసుకెళ్లి చూపించి, చెవి మిషను కొనిచ్చారు. అది కొంత సాయపడింది. నలుగురు ఉన్నచోట మాత్రం లాభం లేకపోయింది. "దీంట్లో మిక్సీ ఇనబడ్డంత బాగా మడిసి ఇనబడ్డు" అనేది వదిన. పెదవులు చూడటమే ఆవిడకి నమ్మకం. నేను సీలింగు లైట్లు తీయించేస్తానన్నాను.

"అంత ముచ్చటపడి పెట్టించుకున్నావు" అన్నారు మా వారు.

"నేనే పెట్టించాను, నేనే తీయిస్తాను" అన్నాను.

అనకాపల్లి నుంచి వచ్చిన ఎలక్ట్రీషియన్ భాయ్ పెద్దాయన. సీలింగుని వేళ్లతో తట్టి చూసి, "ఈ పలక బరువు మొయ్యదు మేడమ్. పైన శ్లాబుకే హుక్కు వేసి, అక్కడ్నుంచి లైట్లు దించాల" అన్నాడు. బల్ల మీదికి మూడు, సోఫా దగ్గర రెండు వేలాడే లైట్లు. మిగతా కన్నాలు మూసేసి రంగు వేయాలి. లైటు ఎంత కిందికి దించాలన్నది వదినే తేల్చాలి. ఆవిడని కుర్చీలో కూర్చోబెట్టి, ఆయన నిచ్చెన మీద నిలబడి తీగ వదులుతుంటే, మేం బల్లకి అవతల కూర్చుని గొంతు పైకి రాకుండా మాటలు చెప్పేవాళ్లం.

"ఇంకా దించు బాబూ. ఇంకా. ఆఁ, ఆగు. ఇప్పుడు కళ్లలో కొడతంది, జానెడు పైకి లాగు."

లైటు కుదిరాక భాయ్ కూడా ఎదురుగా కూర్చుని ఏదో చెప్పాడు. వదిన కాసేపు చూసి తల ఊపింది. "నీ మాట సగం మీసంలోనే ఉండిపోతంది బాబూ. కత్తిరించుకో." ఆయన పగలబడి నవ్వాడు.

గొప్పకి పోవడం నాకు ఇంకా తగ్గలేదు. వడ్డాది సంతలో వెదురు బుట్టలు కొనుక్కొచ్చి ఆ లైట్లకి తొడిగించాను. చూడటానికి ఎంతో బాగున్నాయి. వెలిగించేసరికి అందరి మొహాల మీదా చారలు పడ్డాయి. "ఓలమ్మ, పులుల మద్దెన కూసున్నట్టుందే" అంది వదిన. బుట్టలు వంటింట్లో ఉల్లిపాయలకి పనికొచ్చాయి. నాలుగు రోజులకి భాయ్ పాలరంగు గాజు బుడ్లు పట్టుకొచ్చి బిగించాడు. వెలుతురు బల్ల మీద పరుచుకుని మొహాలకి మెత్తగా తగిలింది. ఆయన మీసం కూడా కత్తిరించుకుని వచ్చాడు.

ఆ వెలుతుర్లో మాకు రెండేళ్లు దొరికాయి. ఆవిడ తన చోట తను కూర్చుని తింది, పోట్లాడింది, వెక్కిరించింది. ప, బ, మ మూడూ పెదవుల మీద ఒక్కలాగే ఉంటాయని ఆవిడ చెబితేనే నాకు తెలిసింది. "పప్పు వెయ్యనా వదినా?" అని అడిగితే, "మబ్బు ఎయ్యడవేటే, వానొస్తాదా?" అనేది. అది నిజంగా పొరపాటో, మమ్మల్ని నవ్వించడానికో ఇప్పటికీ తెలియదు. పెళ్లిళ్లలో పందిరికి ఆ చివర ఎవరేమనుకుంటున్నారో ఈ చివర కూర్చుని మాకు చెప్పేది. మంచి మాటలు చెప్పేది, చెడ్డవి తనలోనే ఉంచుకునేది. "ఎవుల మాటైనా మొకం సూసి ఇనాలే. గోడకేసి సూసి ఇంటే సగమే ఇన్నట్టు" అనేది.

ఒకరోజు భోజనాల దగ్గర నా తరగతిలో పిల్ల గురించి చిరాకుపడ్డాను. బుచ్చయ్యపేట వైపు నుంచి బస్సులో వచ్చే పిల్ల. వెనక బెంచీలో కూర్చుంటుంది. పిలిస్తే పలకదు, ఒకటి అడిగితే ఇంకోటి చెబుతుంది అన్నాను.

వదిన ముద్ద కలుపుతూ ఆగింది. "అది నేనే కదే" అంది. "ఆ గుంట సెవులు ఎవులైనా సూసేరేటి?"

ఎవరూ చూడలేదు. నేనూ చూడలేదు. ఇన్నేళ్లూ బోర్డు వైపు తిరిగి రాస్తూ పాఠం చెప్పిన టీచర్ని నేను. వాళ్ల అమ్మని పిలిపించి, పిల్లని డాక్టరుకి చూపించాం. ఒక చెవి బొత్తిగా వినబడదు, రెండోది సగమే. చికిత్స మొదలైంది. పిల్లని ముందు బెంచీకి మార్చాను, పిల్లల వైపు తిరిగి మాట్లాడటం నేర్చుకున్నాను. ఆదివారాలు ఆ పిల్ల మా ఇంటికి వచ్చేది. వదిన ఎదురుగా కూర్చోబెట్టుకుని, గొంతు పైకి రాకుండా ఒక్కో మాటా అంటే, ఆ పిల్ల పెదవులు చూసి పట్టుకుని అలాగే తిరిగి అనేది. ఇద్దరూ ఏమనుకునేవారో గానీ, చప్పుడు లేని ఆ గదిలోంచి ఉన్నట్టుండి రెండు నవ్వులు వినబడేవి.

కర్మలయ్యాక బడికి వెళ్లాను. ఆ పిల్లకి కబురు ముందే తెలిసింది. తన చోట కూర్చుని నోటుబుక్కు తెరిచింది. నేను తరగతి వైపు తిరిగి, "రాసుకోండి" అని లెక్క చెప్పడం మొదలుపెట్టాను. రెండో వాక్యంలో గొంతు పూడుకుపోయింది. పెదవులు కదులుతున్నాయి గానీ మాట బయటికి రావడం లేదు. పిల్లలు పెన్నులు ఆపి ఒకరి మొహాలొకరు చూసుకున్నారు.

ముందు బెంచీలోంచి ఆ పిల్ల లేచి నిలబడింది. నా నోటి మీద చూపు నిలిపి, నేను అంటున్నది అంటున్నట్టే, ఒక్కో మాటా తరగతి అంతటికీ గట్టిగా చెప్పింది. అందరూ తలలు వంచి రాసుకోసాగారు. ఆ పిల్ల తల వంచలేదు. కిటికీ వెలుతుర్లో నా మొహంలోకి చూస్తూ, తర్వాతి మాట కోసం నిలబడి ఉంది.