పూలు అచ్చేసే మిషను

నా చిన్నప్పుడు మా ఆదోనిలో పత్తి సీజను వచ్చిందంటే ఊరంతా దూది ఎగిరేది. జిన్నింగు మిల్లుల నుంచి లేచిన ఆ దూది ఎక్కడెక్కడో తిరిగి, మా మిద్దె కప్పులో ఉన్న గవాక్షంలోంచి ఇంట్లోకి దిగేది. పైనుంచి పడే వెలుతురులో, కిందికి రావాలా వద్దా అని ఆలోచిస్తున్నట్టు తేలుతూ ఉండేది. ఆ వెలుతురు కిందే మా మేనత్త కూర్చుని, వెండి రేకు మీద సన్న ఉలితో పూలు కొట్టేది. టిక్కు టిక్కుమనే ఆ చప్పుడు వింటూ ఆమె పక్కన పడుకుని ఎన్ని మధ్యాహ్నాలు నిద్రపోయానో. ఇప్పుడు తలచుకుంటే అందులో ఎంత నిజమో, ఎంత కలో నాకే తెలియదు.

మా తాతయ్య వెండి పని చేసే కంసాలి. వీధి వైపు వసారాలో ఆయన కుంపటి, వెండి పెట్టి సుత్తితో కొట్టే దాకలి ఉండేవి. కళ్ళకు పొర కమ్మాక సన్నపని ఆయనకు కనపడటం మానేసింది. పెళ్ళయిన కొన్నాళ్ళకే అత్తగారింటితో పొసగక తిరిగి వచ్చేసిన మేనత్త, తండ్రిని చూసి చూసి నేర్చుకున్న చేత్తో ఆ పని అందుకుంది. కానీ లోపలే. దాకలి ఉన్నచోట ఆడది కూర్చుంటే లక్ష్మి నిలవదని మా అవ్వ నమ్మకం, మా వాళ్ళందరిదీ అదే మాట. దసరాకు ఆయుధపూజ నాడు కూడా ఇంట్లో ఆడవాళ్ళం గడప ఇవతల నుంచే దాకలికి దండం పెట్టేవాళ్ళం.

వెండి తెచ్చినవాళ్ళు పని అయ్యేదాకా తాతయ్య ఎదురుగా కూర్చునేవాళ్ళు. తల్లి బంగారంలోనైనా కంసాలి కాస్త గీరక మానడని లోకమంతా అనేదే కదా. అందుకని కరిగించేటప్పుడు, తూచేటప్పుడు, అతికేటప్పుడు రెప్ప వేసేవాళ్ళు కాదు. ఉలితో పూలు కొడితే వెండి తరగదు కాబట్టి ఆ పనికి మాత్రం కాపలా ఉండేది కాదు. రేకు బోసిగా లోపలికి వెళ్ళి పూలతో బయటికి వచ్చేది. ఆచారి చెయ్యే చెయ్యి అని వాళ్ళు తాతయ్యను మెచ్చుకుంటుంటే మేనత్త తలుపు వెనక నిలబడి వినేది. ఆ మెప్పు తనకు అందనందుకు ఆమె బాధపడేదో లేదో నాకు తెలియదు. ఉలి ఆమె చేతిలో ఉన్నంతకాలం మాత్రం, కూర్చోబెట్టి తిండి పెడుతున్నామని ఇంట్లో ఎవరూ అనలేదు.

ఒకనాడు బళ్ళారి నుంచి ఒక వ్యాపారి జట్కాలో ఒక మిషను తెచ్చి మా గడప దగ్గర దించాడు. చెరకు గానుగను పిల్లలు ఆడుకునేంత చిన్నది చేసినట్టుంది. ఒకదానిపై ఒకటి రెండు ఉక్కు రోలర్లు, పక్కన తిప్పడానికి ఒక పిడి. పై రోలరు మీద పూలు చెక్కి ఉన్నాయి, ఒక కొసన మాత్రం నున్నగా వదిలేశారు. వ్యాపారి ఒక వైపు నుంచి బోసి రేకు పెట్టి పిడి తిప్పాడు. రెండో వైపు నుంచి పూలరేకు నెమ్మదిగా బయటికి వచ్చింది. నేను నోరు తెరుచుకుని చూస్తుండిపోయాను. వారం ఉంచుకుని, నచ్చితేనే తీసుకోమని చెప్పి ఆయన వెళ్ళిపోయాడు.

ఇంక పాపం పిల్లకు కళ్ళు పోగొట్టుకునే పని తప్పిందిలే అని అవ్వ అంది. ప్రేమగానే అంది. మేనత్త ఉలులన్నీ గుడ్డలో చుట్టి గూట్లో పెట్టి వంటింట్లోకి వెళ్ళింది. చేసిన వంటే మళ్ళీ చేస్తున్నట్టు అక్కడే తిరుగుతూ ఉండిపోయింది. ఆ మధ్యాహ్నం ఇంట్లో టిక్కుమనే చప్పుడు లేదు, నాకు నిద్ర రాలేదు. రేపటి నుంచి ఈ ఇంట్లో అత్త ఎవరు, ఏం చేస్తుంది అని నాకు దిగులు పట్టుకుంది. ఆ ఇనుప ముండ మీద చెప్పలేనంత కోపం వచ్చింది.

తాతయ్యకు మాత్రం వారమంతా పండగే. పెళ్ళిచూపులకు పోయినవాడు పిల్లను చూసినట్టు ఆ మిషనును అటు నుంచి ఇటు నుంచి చూశాడు. రోలర్ల మధ్య సందును వెలుతురుకు ఎదురుగా తిప్పి, వెలుగు గీత ఈ కొసనా ఆ కొసనా ఒకే మందంగా ఉందా అని నన్ను అడిగాడు. ఉందన్నాను. ముందు రాగిరేకు పెట్టాడు. అది పక్కకు వాలకుండా తిన్నగానే వచ్చింది. తర్వాత వెండి. కాల్చకుండా పెట్టిన రేకు అంచులు చిట్లిపోయాయి. కుంపట్లో కాల్చి మెత్తబరిచి పెట్టింది హాయిగా దాటిపోయింది. తర్వాత ఆయనకు ఆట తోచింది. నున్నటి కొసన రేకు మీద వేపాకు పెట్టి తిప్పాడు. ఈనెలతో సహా ఆకు వెండిలో దిగింది. మేనత్త పాత ఎమ్మిగనూరు చీర ముక్క ఒకటి పెట్టాడు. నేత మొత్తం, పోగుకు పోగు, వెండి మీద మంచులా పరుచుకుంది. దాన్ని వెలుతురులోకి తీసుకుపోయి ఎంతసేపు చూశానో. కోపంగా ఉండాలన్న సంగతే మరిచిపోయాను.

చివర్న తాతయ్య ఒక పూలరేకును గుండ్రంగా వంచి రెండు కొసలు కలిపి అతికాడు. ఒక కొసన సగం పువ్వు, ఇంకో కొసన పావు పువ్వు. అతుకు మీద టంకం కరిగి ఆ ఉన్నది కూడా పూడిపోయింది. ఆ చోట బొటనవేలితో మళ్ళీ మళ్ళీ తడిమి, తనలో తానే నవ్వుకున్నాడు. ఆ నవ్వు నాకు అప్పుడు అర్థం కాలేదు.

వ్యాపారి తిరిగి వచ్చిన రోజు ఎమ్మిగనూరు నుంచి ఒక నేతగాళ్ళ ఇల్లాలు కూతురి కడియాలకు వెండి తెచ్చుకుని వసారాలో కూర్చుని ఉంది. తాతయ్య అతుకు చూపించాడు.

"పువ్వు బాగుందప్పా. అతుకు కాడ సచ్చిపోతాండాది."

వ్యాపారి మంచివాడు. ఈ మిషను వాడే బొంబాయి పనివాళ్ళూ ఆ చోట చేత్తోనే దిద్దుకుంటారని ఒప్పుకున్నాడు, వద్దంటే తీసుకుపోతానన్నాడు. తీసుకుపొమ్మని చెప్పు తాతయ్యా అని నేను మనసులో మొక్కుకుంటున్నాను. తలుపు వెనక మేనత్త చీర అంచు కనపడుతోంది. తాతయ్య ఉండనీ అన్నాడు. మిషనును తానే జరిపి దాకలి పక్కన పెట్టి కూతుర్ని కేకేశాడు, అమ్మా, ఇట్లా వచ్చి దీన్ని తిప్పు అని.

అవ్వ వంటింట్లోంచి పరుగున వచ్చింది. మతి పోయిందా అని అడిగింది. తాతయ్య కోప్పడలేదు.

"ఆడది దాకలి పని సేయగూడదని పెద్దోళ్ళు సెప్పినారు, నిజమే. ఈ మిషను సంగతి ఏం సెప్పినారో నువ్వే సెప్పు."

అవ్వ నోరు తెరిచింది. పాపం, చాలాసేపు వెతుక్కుంది. ఆ పెద్దలెవరూ అలాంటి మిషను కలలో కూడా చూసి ఉండరు. ఏదో గొణుక్కుంటూ లోపలికి వెళ్ళిపోయింది.

మేనత్త పైట సర్దుకుని గడప దాటి వచ్చి కూర్చుంది. ఆమె తిప్పింది, పూలు వచ్చాయి. తాతయ్య వంచి అతికాడు. అతుకు దగ్గర పువ్వు పోయింది. అప్పుడే తోచినవాడిలా, నీ ఉలి తెచ్చుకో తల్లీ అన్నాడు. గూట్లోని గుడ్డ మూటను నేనే పరుగున తెచ్చాను. వీధి వెలుతురులో, అందరి ముందు, మేనత్త పోయిన పువ్వును మళ్ళీ కొట్టింది. వెండి మీది నుంచి కన్ను తిప్పకూడదని కూర్చున్న ఆ ఇల్లాలు ఆ చేతినే చూస్తూ ఉంది. తర్వాత ఈ వసారాలోనే చేయించుకున్న తన కాళ్ళ కడియాల వంక చూసుకుంది.

"ఈ పూలు గూడా నీ సేతివేనా, అక్కా?"

మేనత్త తండ్రి వైపు చూసింది. తాతయ్య కుంపటి ఊదుతూ, తల ఎత్తకుండానే, "దానివే" అన్నాడు. మేనత్తకు కన్నీళ్ళు ఆగలేదు. నాకూ ఆగలేదు, ఎందుకో తెలియకుండానే.

వారమంతా తాతయ్య మిషను మంచిచెడ్డలు చూస్తున్నాడని అనుకున్నాను. ఆయన చూసింది కూతురి ఉలికి అందులో చోటు ఎక్కడుందా అని. ఆ తర్వాత మా వసారాకు వచ్చే ఆడవాళ్ళు అతుకు దగ్గరి పువ్వు ఒక్కటి చాలదని, కడియమంతా అక్క చేత్తోనే కొట్టించమని అడగడం మొదలుపెట్టారు. మిషను చాలా రోజులు ఊరికే ఉండేది. తాతయ్య మాత్రం దాన్ని దాకలి పక్క నుంచి కదపనివ్వలేదు.

చాలా ఏళ్ళకు ఇదే ఊళ్ళో ఒక పత్తి మిల్లులో తూకం పని నాకు దొరికింది. మొదటి రోజే ఒక పెద్దమనిషి, కాటా కాడ ఆడమనిషి కూర్చుంటే అచ్చిరాదన్నాడు. నాకు కోపం రాలేదు. ఈ కాటా మొన్ననే వచ్చింది కదన్నా, దీని సంగతి పెద్దలు ఏం చెప్పినారు అని అడిగాను. ఆయన ఆలోచనలో పడ్డాడు. ఆ ఆలోచన తెగేలోపు నేను వెళ్ళి కూర్చున్నాను. రిటైరయ్యేదాకా అక్కడే కూర్చున్నాను.