ఎర్ర గోంగూర, తెల్ల గోంగూర

నిద్ర పట్టకపోవడం నాకు పత్రికాఫీసు అంటించిన జబ్బు. కడపలో ఒక దినపత్రిక డెస్కులో ఇరవై రెండేళ్లు పనిచేశాను. చివరి పేజీ అచ్చుకు వదిలి సైకిలెక్కేసరికి పాలవాళ్లు ఎదురయ్యేవారు. ఆ ఎడిషన్ మూతపడింది. నేను కువైట్ వచ్చి, హవల్లీలో ఒక సరుకు రవాణా కంపెనీలో కాగితాలు సరిచూసే ఉద్యోగంలో చేరాను. పొద్దున ఎనిమిదికి వెళ్లి సాయంత్రం ఐదుకు వచ్చే పని. అందులో చేరి తొమ్మిదేళ్లయినా ఒంటికి మాత్రం ఆ కబురు ఇంకా అందలేదు.

డాక్టరు రాసిన మాత్రలు కొన్నాళ్లు పనిచేశాయి. తర్వాత నిద్ర రావడం మానేసి, మర్నాడంతా నెత్తిన తడి గోనెసంచి మోస్తున్నట్టు ఉండేది. ధనియాల కషాయం తాగాను. పాలలో జాజికాయ అరగదీసుకుని తాగాను. పడుకునే ముందు సముద్రపు ఒడ్డున నాలుగు కిలోమీటర్లు నడిచాను. కాళ్లు నొప్పెట్టాయి, నిద్ర మాత్రం పట్టలేదు.

అదే డెస్కులో నా పక్క కుర్చీలో కూర్చున్న మిత్రుడొకడు ఇప్పుడు కెనడాలో ఉంటున్నాడు. వాడిదీ నా జబ్బే. అక్కడ గంజాయిని దుకాణంలో పెట్టి అమ్ముతారు, పెద్దవాళ్లెవరైనా కొనుక్కోవచ్చు, నేరం కాదు. వాడు దానితో కాస్త కుదుటపడ్డాడు. "వేసవి సెలవుకు రా. పది రోజులు మా ఇంట్లో ఉండు. నిన్ను నిద్రపుచ్చి పంపిస్తా" అన్నాడు. వీసా కూడా వచ్చింది. ఇక తేలాల్సింది ఏ రకం అన్నదే.

వాడు దుకాణానికి పోయినప్పుడల్లా సీసాల ఫొటోలు పంపేవాడు. పేర్లు చూస్తే నవ్వొచ్చేది. ఒకదాని పేరులో తాత ఉన్నాడు, ఒకదానిలో కేకు ఉంది, ఇంకొకదానిలో ఉత్తరాది ఆకాశం. ఇండికా జాతిది రాత్రికి, సాటైవాది పగటికి అని అందరూ చెప్పే మాట. పాత అలవాటు కొద్దీ "ఎవరు చెప్పారు?" అని అడిగాను. వాడు వెళ్లి కౌంటరులో ఉన్న అమ్మాయిని అడిగాడు. పేరు చూసి కొనవద్దని ఆమె చెప్పిందట. ఒకే పేరుతో రెండు తోటల నుంచి వచ్చినవి రెండు రకాలుగా పనిచేస్తాయట. మత్తు శాతం తక్కువ ఉన్నది తీసుకుని, చిటికెడుతో మొదలుపెట్టి, ఏది ఏం చేసిందో రాసుకోమందట.

వాడు రాశాడు, నేను ఇక్కడ నోటుబుక్కులో గడులు గీసి ఎక్కించాను. రకం, ఎంత, ఎంతసేపటికి కన్ను మూతపడింది, ఎప్పుడు మెలకువ వచ్చింది, పొద్దున తల ఎలా ఉంది. మొదటి రకం వాడి గుండెను దడదడలాడించింది. రెండోది వేసుకుని వంటింట్లో గిన్నెలన్నీ తోమి, అలమర సర్ది, పదేళ్ల కింద పోట్లాడిన బావమరిదికి క్షమాపణ ఉత్తరం రాశాడు. మూడోది ఆరు గంటలు నిద్ర ఇచ్చింది. పొగ తాగితే తొందరగా ఎక్కి తొందరగా దిగుతుందని, తింటే ఆలస్యమై ఎక్కువసేపు ఉంటుందని ఇంకో గడి చేర్చాను. తిరిగి కువైట్ విమానం ఎక్కేముందు, ఒంట్లో జాడ లేకుండా పోవడానికి, ఎన్ని రోజులు ముట్టకుండా ఉండాలన్నది అన్నిటికంటే పెద్ద గడి. అది ఖాళీగానే ఉండేది. ఆ పుస్తకం చూస్తుంటే ఉన్న కాస్త నిద్ర కూడా పోయేది.

కువైట్‌లో ఆ సరుకు మనిషి దగ్గర దొరికితే ఏమవుతుందో ఇక్కడ బతికే ప్రతి మనిషికీ తెలుసు. ఫోనులో ఆ మాటైనా ఎందుకని మేము పేరు మార్చాం. గోంగూర అన్నాం. ఎర్ర గోంగూర అంటే రాత్రి రకం. తెల్ల గోంగూర అంటే పగటి రకం. పచ్చడి అంటే తినేది, ఎండుది అంటే పొగ తాగేది.

ఆ పేరుకు ఒక కారణం ఉంది. మా డెస్కులో ఒకసారి పోలీసులు పట్టుకున్న గంజాయి మొక్కల ఫొటో, గోంగూరకు గిరాకీ పెరిగిందన్న వార్తకు తోటలో తీసిన రైతు ఫొటో తారుమారయ్యాయి. రెండాకులూ వేళ్లు చాచిన అరచేతిలా, అంచున రంపపు పళ్లతో ఉంటాయి. వాడు పేజీ పెట్టాడు, నేను చూసి వదిలాను. తెల్లారి ఆ రైతు రెండు గోంగూర కట్టలు తెచ్చి నా బల్ల మీద పడేశాడు. "ఇదేనయ్యా నేను చేసిన నేరం" అన్నాడు. ఆయన ముఖం కింద 'నిందితుడు' అని అచ్చయింది. మూడో పేజీలో సవరణ వేసి, తర్వాత ఏళ్ల తరబడి దాన్ని చెప్పుకుని నవ్వుకున్నాం.

నేనుండే గదిలో రెండో మంచం రాయచోటి భాయ్‌ది. ఎలక్ట్రానిక్స్ షాపులో డెలివరీ వ్యాను నడుపుతాడు. నాకంటే పదేళ్లు చిన్న. ఐదు పూటలా నమాజు చేస్తాడు, సిగరెట్ కూడా ముట్టడు. ఒక శుక్రవారం అతను ఎర్రగడ్డలు తరుగుతుంటే నేను స్టవ్ దగ్గర నిలబడి మిత్రుడి వాయిస్ మెసేజ్ విన్నాను. "ఎర్ర గోంగూరే రా నీకు. ఎండుదైతే గట్టిగా పనిచేస్తుంది. రాత్రి ఏడు గంటలు ఒళ్లు తెలియలేదు" అంటున్నాడు వాడు.

భాయ్ కత్తి ఆపాడు. "ఏంన్నా, గోంగూరకు నిద్ర పడ్తాదా? పుట్టినప్పట్నుంచి తింటాండాం, మాకు తెల్దే!"

"పడుతుందంట భాయ్."

"ఎర్రదా?"

"ఎర్రదే."

"పులుపెక్కువ గదన్నా. కడుపులో మండి ఇంగా మేలుకుంటావ్" అని నవ్వి మళ్లీ తరగడం మొదలుపెట్టాడు.

అప్పుడే చెప్పేయాల్సింది. చెబితే నన్నెలా చూస్తాడో అని ఊరుకున్నాను.

తర్వాతి వారం భాయ్ నెల రోజుల సెలవు మీద ఇంటికి వెళ్లాడు. తిరిగొచ్చే రోజు మధ్యాహ్నం ఆఫీసులో అనుమతి అడిగి, నా పాత కారులో విమానాశ్రయానికి బయల్దేరాను. కారు నిలిపాక ఫోను చూస్తే, పొద్దున చెన్నైలో విమానం ఎక్కేముందు అతను పంపిన వాయిస్ మెసేజ్ ఉంది.

"అన్నా, బాగుండావా. నీ సరుకు తెస్తాండా. ఎర్రదే. మా ఆడమనిషి మిద్దె మీద నాల్గు దినాలు ఎండబెట్టింది. ఎండుదయితే గట్టిగా పనిజేస్తాదని నీ ఫ్రెండు అన్యాడు గదా. రాత్రికి ఏస్కోని పండుకో. ఎవురికీ చెప్పాకు, తెలిస్తే అందరూ అడుగుతారు."

మొదటిసారి విని నవ్వాను. రెండోసారి, పెట్టెలు తనిఖీ చేసే అధికారి ఎలా వింటాడో అలా విన్నాను.

లోపలికి వెళ్లి కమ్మీ దగ్గర నిలబడ్డాను. విమానం అప్పటికే దిగింది. ట్రాలీలు వరసగా వస్తున్నాయి. తాళ్లతో బిగించిన అట్టపెట్టెలు, మామిడిపండ్ల వాసన, నిద్రపోతున్న పసిపిల్లలు. భాయ్ రాలేదు. ఫోను చేస్తే మోగుతోంది, ఎత్తడం లేదు. కాసేపటికి మోగడం కూడా ఆగింది. కాఫీ కొన్నాను, తాగలేదు. తలుపు తెరుచుకున్న ప్రతిసారీ మెడ చాచాను. మనిషి కనపడనప్పుడల్లా రెండడుగులు అటు, రెండడుగులు ఇటు వేశాను.

అన్నమయ్య జిల్లా మనిషిలా కనపడిన ఒకామె సంచీ ఈడ్చుకుంటూ వస్తుంటే ఆపి, తెల్లటోపీ పెట్టుకున్న మనిషి ఎవరైనా కనపడ్డారా అని అడిగాను.

"ఆయన్నా? ఆయన పెట్టె తెరిపిచ్చినారన్నా. కవర్లో ఏందో ఆకు తీసినారు. ఇద్దరు చేరి లోపలికి పిల్చకపోయినారు" అంది. ఇంటిపనిలో ఉన్న మనిషి. వాళ్లు యజమానురాలిని మామా అంటారు. "నేను పోవాల, మా మామా బయట నిలబడుకోనుంది" అంటూ వెళ్లిపోయింది.

ఆకు మీద నాకు భయం లేదు. ఎంత పరీక్ష చేసినా గోంగూర గోంగూరే. కానీ అతని ఫోనులో ఆ వాయిస్ ఉంది. దాన్ని పట్టుకుని వస్తే నా ఫోను దగ్గరికి వస్తారు. అందులో రెండు నెలల గోంగూర ఉంది. సీసాల ఫొటోలతో సహా. ఆ రెండూ పక్కపక్కన పెట్టి చదివితే, భాయ్ మిద్దె మీద ఎండిన ఆకుకు మేము పెట్టిన అర్థమే మిగులుతుంది. అతనికి ఇఖామా, అంటే ఇక్కడ ఉండే అనుమతి, పోతుంది. అంతకుమించి ఏం పోతుందో అనుకోవడానికి కూడా ధైర్యం చాలలేదు.

లోపలికి వెళ్లి ఎవరితోనైనా మాట్లాడాలనుకున్నాను. యూనిఫారంలో ఉన్న ఒకతని వైపు నాలుగడుగులు వేశాను కూడా. ఏమని చెప్పాలి? ఆ ఆకు నిజంగా ఆకే, కానీ నేను ఆ పేరుతో వేరే ఆకు గురించి మాట్లాడుకున్నాను అనా? వెనక్కి వచ్చాను. బాత్‌రూములోకి వెళ్లి గొళ్లెం పెట్టుకుని, కెనడా మిత్రుడితో జరిగిన మాటలన్నీ తుడిచేశాను. భాయ్ మేలు కోసమే చేస్తున్నానని నాకు నేను చెప్పుకున్నాను.

గంటన్నర తర్వాత భాయ్ వచ్చాడు. చొక్కా వీపుకు అంటుకుపోయింది. పెట్టె జిప్ సగం తెరిచే ఉంది. నన్ను చూడగానే నవ్వాడు.

"పోయిందన్నా నీ నిద్ర. ఆకు ఇయ్యలా."

కారు దగ్గరికి నడుస్తూనే చెప్పాడు. "షిను హాదా, ఏందిది, అని ఒకటే అడగడం. ఖుద్రా, కూరాకు అంటాండా, నమ్మరే! ముక్కు కాడ పెట్టుకుంటారు, చూస్తారు, మళ్లా పెట్టుకుంటారు. లాస్టుకు నేనే గుప్పెడు నోట్లో ఏసుకోని నమిల్నా. పండ్లన్నీ పులిసిపాయ. నా మొగం జూసి ఒకాయన నవ్వినాడు. అయినా వదల్లా. ఏదో మందులో ఏసి చూసినారు. మర్యాదగానే కూర్చోబెట్టినారు, తాగడానికి నీళ్లిచ్చినారు. ఇప్పుడు ఖలాస్, యల్లా, అయిపాయ పో, అన్యారు."

"ఫోను అడిగారా?"

"అడిగినారు, ఇచ్చినా. మనకేం భయం? ఎవురికని అడిగినారు. మా అన్నకు, నిద్ర పట్టడానికి అన్యా. ఆ మాట అన్యాకనే ఇంగా ఎక్కువ చూసినారు. ఎందుకో అర్థం గాలా."

కారులో కూర్చున్నాం. తాళంచెవి తిప్పబోయి ఆగాను.

"మేము మాట్లాడుకున్నది గోంగూర కాదు భాయ్."

"మరేంది?"

ఆ మాట చెప్పాను. అద్దాలు మూసే ఉన్నా భాయ్ చుట్టూ చూశాడు.

"నువ్వు ఆ దేశం పోయి తాగుతావో తింటావో నీ ఇష్టమన్నా, అది నీకూ దేవునికీ. దానికి మేం తినే ఆకు పేరు ఎందుకు పెట్టినావ్?"

బల్ల మీద కట్టలు పడేసిన రైతు అడిగింది కూడా దాదాపు అదే.

"ఏదీ, ఏం రాసుకున్నారో చూపీ."

"తీసేశాను."

"ఎప్పుడు?"

"నువ్వు లోపల ఉన్నప్పుడు."

అతను నా వైపు తిరిగాడు. "లోపల నేను నా ఫోను చేతికిచ్చినా. బయట నువ్వు నీ ఫోను తుడుసుకున్యావు." గొంతు పెంచలేదు. రైలు ఎన్నింటికో చెబుతున్నట్టు చెప్పాడు.

అప్పుడే అతని ఫోను మోగింది. రాయచోటి నుంచి భార్య. ఇద్దరూ ఉర్దూలో రెండు మాటలు మాట్లాడుకున్నారు. ఆమె నన్ను అడిగినట్టుంది. భాయ్ స్పీకరు నొక్కి ఫోను నా ముందు పెట్టాడు.

"సలామన్నా. గోంగూర చేరిందా? వేన్నీళ్లల్లో నానబెట్టుకోని పప్పులో ఏసుకో. ఈ పొద్దు పండుకుంటావ్ చూడు."

"చేరలేదమ్మా. ఎయిర్‌పోర్టులో తీసేసుకున్నారు. భాయ్‌ని కూడా గంటన్నర కూర్చోబెట్టారు. తప్పు నాదే."

"ఆయన బాగుండాడు గదా?"

"బాగున్నాడు. పక్కనే ఉన్నాడు."

"అయితే ఆకు పోతే పోనీలేన్నా. ఇంగో నాల్గు కట్టలు ఎండబెడ్తా. మా చిన్నాయన వచ్చే నెల వస్తాండాడు, ఆయన చేత—"

భాయ్ ఫోను లాక్కున్నాడు. "వద్దు! వద్దంటే వద్దు! ఇంగ ఆ ఆకు పేరెత్తాకు!"

"ఏమయిందిప్పుడు? అన్నకు నిద్ర వద్దా?" అంటోంది ఆమె.

భాయ్ నా ముఖంలోకి చూశాడు. నేను స్టీరింగ్ పట్టుకుని కూర్చున్నాను. ఏం చెబుతాడో తెలియదు. నిజం చెబితే ఆమె ఇక నాతో మాట్లాడదు. మాట్లాడమని అడిగే హక్కు నాకూ లేదు.

"ఏం లే. అన్నకు ఇప్పుడు నిద్ర బాగా పడ్తాంది" అన్నాడు భాయ్. ఫోను జేబులో పెట్టుకుని, ముందుకు చూస్తూ, "బండి తియ్యి" అన్నాడు.