రెండో కాలు

ఉదయం ఆరు గంటల నలభై నిమిషాలకు నా భార్య, "ఇంకొకటి ఇయ్యండి" అంది.

నేను ఆమె మంచం పక్కన నేల మీద కూర్చుని ఉన్నాను. ఒడిలో మేజోళ్లు ఉన్నాయి. హూడి దగ్గర నీళ్ల ట్యాంకరు ఆమె స్కూటరును కొట్టి అప్పటికి ఏడాది దాటింది. ఎడమకాలు మోకాలి కింద నుంచి తీసేశారు. మిగిలిన భాగానికి ముందు మేజోళ్లు తొడిగి, వాటి మీద కార్బన్ ఫైబర్‌తో చేసిన గిన్నెలాంటి తొడుగు ఎక్కించాలి. దాన్ని సాకెట్ అంటారు. సాకెట్ కింద సన్నటి లోహపు గొట్టం, గొట్టం చివర రబ్బరు పాదం. బొటనవేలు విడిగా ఉన్న పాదమే కావాలని ఆమె పట్టుబట్టింది. "హవాయి చెప్పులు లేకుండా సందు చివరికి ఎట్లా పొయ్యేది?" అంది.

సాకెట్ ఒకసారి తయారయ్యాక మారదు. కాలు మారుతుంది. ఆ తేడాను మేజోళ్లతో పూడ్చాలి. ఒక పొరవి, మూడు పొరలవి, ఐదు పొరలవి ఉంటాయి. వాటిని రోజూ ఉతికి నీడలో పరిచి ఆరబెట్టడం నా పని.

కాలు చేసిన అతను ఆనేకల్ నుంచి రోజూ బస్సులో వచ్చే మనిషి. ముందుగా గాజులా లోపలిదంతా కనబడే ప్లాస్టిక్‌తో నమూనా సాకెట్ చేసి, తొడిగి, ఆమెను నిలబెట్టాడు. చర్మం ఎక్కడ నొక్కుకుని తెల్లబడుతోందో వంగి చూసి, స్కెచ్ పెన్నుతో గుర్తుపెట్టి, అక్కడ వేడి గాలితో ప్లాస్టిక్‌ను మెత్తబరిచి సాగదీశాడు. చెప్పాల్సిన మాట అప్పుడే చెప్పాడు.

"కాలు సన్నబడతాది అక్కా. వాపు దిగతాది. వదులైతే మేజోడు కలుపుకో. మేజోళ్లు పెరగతా ఉండాయంటే కాలు కుదురుకుంటా ఉండాదని."

ఇంటికొచ్చి ఆ విషయం మీద దొరికినదల్లా చదివాను. అన్నిచోట్లా అదే ఉంది. వాపు దిగుతుంది, కొంతకాలానికి ఆగుతుంది. ఆగుతుంది అన్న మాట కూడా చదివాను. దాని దగ్గర ఆగలేదు.

ఐదు పొరలు పట్టిన రోజు ఇద్దరం సంతోషపడ్డాం. ఆమె తీపికని కేసరిబాత్ చేసింది. రెండు చెంచాలు తిని పక్కన పెట్టింది. "ఊరికే కడుపు నిండినట్లుండాది" అంది. మిగతాది నేను తిన్నాను.

"ఇంకొకటి ఇయ్యండి" అన్న ఆ ఉదయం ఆమె అడిగింది తొమ్మిదో పొర. "బాగా కుదురుకుంటోంది" అన్నాను.

"ఇంక మీరు డాక్టరు బోర్డు పెట్టుకోండి."

ఇన్ని పొరలయ్యాక కొత్త సాకెట్‌కు వేళయిందని ఆ శనివారం కాలు చేసిన అతని దగ్గరికి వెళ్లాం. అతను నవ్వుతూనే మేజోళ్లు ఒక్కొక్కటీ తీసి బల్ల మీద పెట్టాడు. చివరిది తీసేసరికి నవ్వడం లేదు.

"రెండో కాలు చూపించక్కా."

"అది నువ్వు చేసింది కాదప్పా. మా అమ్మ చేసింది."

కుచ్చిళ్లు మోకాలి దాకా ఎత్తింది. కొత్త కాలు జతకు సరిపోవాలని మొదట్లో అతను ఆ కాలి పిక్క కొలత కూడా రాసుకున్నాడు. ఆ కాగితం వెతికి తీశాడు. పిక్క చుట్టూ టేపు పెట్టి చూశాడు. తీసి, మళ్లీ పెట్టాడు. తర్వాత నావైపు తిరిగాడు.

"ముందు డాక్టరుకు చూపించండి సార్. అచ్చు తర్వాత తీసుకుంటా. కాలు యాడికీ పోదు."

"ఒకటి పోయింది గదప్పా అప్పుడే" అంది ఆమె.

తీసేసిన చోట కాలు సన్నబడటం మామూలే. ఉన్న కాలు సన్నబడకూడదు. ఇన్ని నెలలుగా రోజూ ఆ రెండో కాలు నా మోచేతికి తగులుతూనే ఉంది. నేను చూడలేదు.

జబ్బు కడుపులో ఉంది. నెలల కిందటే మొదలై ఉంటుందని డాక్టరు అన్నారు. ఐదు పొరల నాడే వచ్చి ఉంటే ఎలా ఉండేదని అడిగాను. చెప్పలేమన్నారు. అంతకంటే నాకు ఎవరూ ఏమీ చెప్పలేదు.

ఆమె ఆ తర్వాత నాలుగు నెలలు ఉంది. మూడో నెలలో ఒకరోజు గేటు దాకా నడుస్తానంది. ఇంట్లో ఉన్న మేజోళ్లన్నీ తొడిగాను. రెండడుగులకే సాకెట్ తిరిగిపోయి పాదం పక్కకు మళ్లింది. ఆమె వంగి చూసింది. "ఇది పక్కింటికి పోవాలంటాది" అంది. వరండాలో నుంచే వెనక్కి తీసుకొచ్చి పడుకోబెట్టాను. మళ్లీ అడగలేదు.

ఆమె పోయాక ఆ కాలు తీసుకుని, దాన్ని చేసిన అతని దగ్గరికి వెళ్లాను. గొట్టం, పాదం శుభ్రం చేసి ఇంకొకరికి పెట్టవచ్చన్నాడు. మరలు విప్పి వాటిని ఉంచుకున్నాడు. సాకెట్ రెండు చేతులతో తిరిగి ఇచ్చాడు.

"ఇది ఎవరికీ పట్టదు సార్. అక్క కొలతకు చేసింది."

అది బీరువాలో ఉంది. మేజోళ్లు ఆఖరుసారి ఉతికి, ఆరబెట్టి, మడిచి అందులోనే పెట్టాను.

ఉదయం ఆరూ నలభైకి నేను ఇప్పుడు నేల మీద కూర్చోవడం లేదు.