ఎక్కడికి పోతుందో చెప్పని లింకు

ఆ పేజీ నేను చేసిందే. ఈ మాట ముందే రాసేస్తే మిగతాది రాయడానికి చెయ్యి ఆడుతుందని రాస్తున్నాను.

పెళ్లయి, హిందీ మాట్లాడే ఈ గనుల ఊరు బచేలి వచ్చాక, చదివిన కంప్యూటర్ చదువు వృథా కాకూడదని, బాబు పడుకున్న వేళల్లో చిన్న చిన్న వెబ్‌సైట్లు చేసిపెట్టేదాన్ని. బజారులో రక్తపరీక్షల ల్యాబు నడిపే ఒకాయన నన్ను అడిగాడు. వానాకాలంలో జనం రిపోర్టుల కోసం తడుస్తూ నిలబడుతున్నారు, ఫోన్లోనే కనబడేటట్టు చెయ్యండి అన్నాడు. రెండు రోజుల్లో చేసిచ్చాను. ఎడమవైపు టోకెన్ నంబరు, మధ్యలో తేదీ, కుడివైపు నీలం రంగులో 'యహా దేఖే', అంటే ఇక్కడ చూడండి. ప్రతి వరుసలోనూ అదే మాట. కొత్త రిపోర్టులు వచ్చినకొద్దీ పైన చేరతాయి. నొక్కితే ఫలితం వేరే విండోలో తెరుచుకుంటుంది. ఆ ఫలితం పేజీలో పేరు పెట్టలేదు, పక్కవాళ్లు చూస్తారని. నంబరు కూడా పెట్టలేదు, జాబితాలో ఎలాగూ ఉంది కదా అని. చూడ్డానికి శుభ్రంగా ఉందని ఆయన మెచ్చుకున్నాడు. నాకూ అలాగే అనిపించింది.

బజారు వెనక వీధిలో, తెలుగువాళ్లుండే కొంటా వైపు నుంచి వచ్చిన ఒకావిడ ఉంటుంది. అక్కా అని పిలుస్తాను. చిన్నప్పుడే ఆమెకు చూపు పోయింది. భర్త లారీ డ్రైవరు, వెళ్తే వారం పది రోజులకు గాని రాడు. టైలరు ఇచ్చిన జాకెట్లకు వేళ్లతో తడుముకుంటూ హుక్కులు కుడుతుంది. అలాగే పరిచయం అయింది.

"ఈసారి నీ జాకెట్టు ఇంకో వేలు పెద్దగ కుట్టిండు. ఏంది చెల్లె, బాబుకు పెట్టేదంతా నువ్వే తింటున్నవా?"

"పో అక్కా, నీకన్నీ ఎటకారాలే."

ఆమెకు మూడేళ్ల పాప. మావాడిదీ అదే వయసు. శ్రావణంలో ఒకే వారం ఇద్దరికీ జ్వరం పట్టుకుంది. ఒకే పొద్దున ల్యాబుకు తీసుకెళ్లాం. మావాడికి టోకెన్ నలభై, పాపకు నలభై ఒకటి. రిపోర్టు సాయంత్రం ఫోన్లో వస్తుందని రక్తం తీసే అమ్మాయి చెప్పింది.

"పైనుంచి ఎన్నోది అయితది?" అని అడిగింది అక్క.

"ఆరోది అవ్వొచ్చు" అంది ఆ అమ్మాయి.

నేను పక్కనే ఉన్నాను. ఎన్నోదని ఎందుకు అడుగుతోందో నాకు తట్టాలి. తట్టలేదు. సూది పోటుకు మావాడు గుక్కపట్టి ఏడుస్తున్నాడు. ఎవరిచేతనైనా చూపించుకుంటుందిలే అనుకున్నాను.

సాయంత్రం పేజీ తెరిచాను. నలభై. మలేరియా లేదు. మరునాడు అక్కకు ఫోన్ చేశాను.

"పాపకేటొచ్చింది అక్కా?"

"ఏం లేదంట చెల్లె. ఫోన్ల చదివే గొంతు పెట్టుకొని ఇన్న, నీ పేజీనే చెప్పింది."

"మావోడికీ లేదు."

"ఇంకేంది మరి, ఇద్దరికీ పెండ్లి చేసేద్దాం."

నవ్వుకున్నాం. 

మూడో రోజుకు మావాడు లేచి ఆడుకున్నాడు. మధ్యాహ్నం వాన కాస్త తెరిపిచ్చాక వాణ్ణి చంకనేసుకుని అక్క ఇంటికి వెళ్లాను. పాప రెండు దుప్పట్ల కింద వణుకుతోంది. పళ్లు టకటక కొట్టుకోవడం గుమ్మంలోకే వినబడింది. అక్క తడిగుడ్డతో తుడుస్తోంది.

"పొద్దుగాల తగ్గుతది, మళ్ల పట్టుకుంటది. వైరలే గద" అంది.

పాప కళ్లు తెరిచి నావైపు చూసింది. గుర్తుపట్టలేదు. కంటి తెల్లగుడ్డు పసుపుగా ఉంది. చేత్తో తడిమి చూసే తల్లికి ఆ పసుపు ఎలా తెలుస్తుంది?

ఫోన్ తీశాను. నలభై ఒకటో టోకెన్ ఎదురుగా ఉన్న లింకు నొక్కాను. మలేరియా ఉంది. మెదడుకెక్కే రకం.

"ఏందది? ఎందుకు మాట్లాడవు?"

"ఆటో పిలుస్తున్నాను అక్కా. పాపనెత్తుకో."

"లేదన్నది గద!"

"ఉంది అక్కా."

ఆసుపత్రిలో డాక్టరమ్మ పాప కనురెప్ప ఎత్తి చూసి, "ఇంకో రోజు ఆగి ఉంటే" అని, ఆ మాట పూర్తి చెయ్యకుండానే నర్సును కేకేసింది. పాపను లోపలికి తీసుకెళ్లారు. మేమిద్దరం బయట బెంచీ మీద కూర్చున్నాం. చాలాసేపటికి అక్క తన ఫోన్ తీసింది.

"నేను ఎట్ల చూసిన్నో ఇను" అంది.

ఆమె తెర మీద వేలితో గీస్తుంటే ఫోన్ ఒక్కొక్క లింకునే పలుకుతూ పోయింది. యహా దేఖే, లింక్. యహా దేఖే, లింక్. యహా దేఖే, లింక్. నంబరు ఏ గడిలో ఉందో, అది ఏ లింకుదో ఆ గొంతు చెప్పలేదు. అక్క రెండో చేతి వేళ్లు ముడుస్తూ లెక్కపెట్టింది. ఆరు దగ్గర ఆగింది.

"ఇదే నొక్కిన. లేదు అన్నది."

రక్తం ఇచ్చిన రోజు సాయంత్రానికి, ల్యాబు అమ్మాయి లెక్కకన్నా పైన ఇంకో రెండు రిపోర్టులు చేరాయి. పాపది ఎనిమిదోదయింది. అక్క విన్నది ఇంకెవరి బిడ్డదో.

"ఎనక్కి పోయి మళ్లొకసారి ఇందామంటే పోనియ్యలే. మొత్తం బయటికి తోసేసింది" అంది.

వేరే విండోలో తెరుచుకుంటుందని నేను ఎక్కడా చెప్పలేదు. వెనక్కి వెళ్లడానికి అందులో దారే లేదు.

"ఆ పేజీ చేసింది నేనే కదక్కా" అన్నాను.

"తెలుసు. నువ్వు చేసినవనే ఇంకొకర్ని అడగలే."

ఆ సాయంత్రమే ఇంటికొచ్చి మార్చాను. ప్రతి లింకుకూ దాని నంబరుతోనే పేరు పెట్టాను, ఫలానా టోకెన్ రక్తపరీక్ష ఫలితం చూడండి అని. అదే విండోలో తెరుచుకునేటట్టు చేశాను. ఫలితం పేజీలో కూడా మొదటి మాటగా అదే నంబరు పెట్టాను. గంట కూడా పట్టలేదు. తర్వాత నా ఫోన్లో ఆ చదివే గొంతు పెట్టుకుని, కళ్లు మూసుకుని నా పేజీ మొత్తం విన్నాను. అంతకు ముందు చేసినప్పుడు ఒక్కసారి, ఒక్కసారైనా అలా విని ఉంటే.

పాపకు రెండు రోజులు స్పృహ లేదు. ఆరో రోజున ఇంటికి తెచ్చారు. గోడ పట్టుకుని నడిచేది. మళ్లీ ఒకసారి రక్తం చూపించమన్నారు. ఆ ఫలితం వచ్చే సాయంత్రం నేను అక్క ఇంట్లోనే ఉన్నాను.

టోకెన్ యాభై మూడు, రక్తపరీక్ష ఫలితం చూడండి అని ఫోన్ హిందీలో స్పష్టంగా పలికింది. అక్క నొక్కింది. టోకెన్ యాభై మూడు, మలేరియా లేదు అంది గొంతు.

నేను ఊపిరి వదిలాను. అక్క వదల్లేదు. వెనక్కి వచ్చి మళ్లీ నొక్కింది. మూడోసారి కూడా విన్నది. తర్వాత లేచి, తలుపు పక్కనున్న కర్ర తీసుకుంది.

"ఎక్కడికి అక్కా, వానలో?"

"ల్యాబుకు. ఆ పిల్ల నోటితో చెప్తే ఇనొస్త."

"ఇప్పుడు సరిగ్గానే చెప్తంది అక్కా. నేనూ చూశాను."

"చూసినవు లే. పాప దగ్గర కూసో."

మెట్లు దిగి, కర్రతో కాలవ అంచు వెతుక్కుంటూ వెళ్లింది. పాప నా ఒళ్లోకి వచ్చి కూర్చుంది. నుదుటి మీద చెయ్యి పెట్టాను. వెచ్చగా తగిలింది. పాప ఒళ్లు వెచ్చగా ఉందో, నా చెయ్యే చల్లబడిపోయిందో తెలియలేదు. చెయ్యి తియ్యకుండా అలాగే కూర్చున్నాను.