బొమ్మకూ మద్దెలకూ నడుమ

క్లాతెన్ ఊరి బజారులో వాగిమిన్‌ది గడియారాలు బాగుచేసే దుకాణమే గాని, ఊరు అతణ్ణి గౌరవించేది వేరే విద్యకు. టీవీలో వచ్చిన తోలుబొమ్మలాటల్ని జనం డౌన్‌లోడ్ చేసుకున్నాక బొమ్మ ముందూ శబ్దం వెనకా నడుస్తుంటే, ఆ రెంటికీ రాజీ కుదిర్చేవాడు అతనే. తోలుబొమ్మలకు పెదవులు కదలవు కనుక అతడు పెదవుల్ని నమ్ముకోలేదు. ఆడించేవాడు చెక్కపెట్టెను టక్కుమని కొట్టే చోటు వెతికి, ఆ చప్పుడును చేతి దెబ్బకు కలిపి, చల్లారిన మల్లె టీ ముందు న్యాయమూర్తిలా వేలెత్తేవాడు.

ఒక మధ్యాహ్నం ముసలి మద్దెలగాడు తుకిరన్ వచ్చాడు. "తమ్ముడూ, టీవీలో వచ్చిన నా వాయింపు డౌన్‌లోడ్ చేసుకుని ఊరంతా నవ్వుతోంది. రాక్షసుడు పడ్డాక తీరిగ్గా నా దెబ్బ వినిపిస్తోందట! ఊరి పండక్కి ఇంకొకణ్ణి పిలుస్తారట. తప్పు నాదా, డౌన్‌లోడుదా?"

"కూర్చో అన్నా, చెక్కపెట్టె దెబ్బే చెబుతుంది."

వాగిమిన్ కంప్యూటర్లో శబ్దాన్ని అర సెకను ముందుకు జరిపాడు. పెట్టె దెబ్బ, గంటలు, అన్నీ అతికాయి. రాక్షసుడు పడే చోట మద్దెల మాత్రం ఇంకా ఆలస్యమే. తుకిరన్ కణుపులు వాచిన చేతుల్ని ఒళ్లో దాచుకున్నాడు. రెప్పపాటు తేడానైనా సహించని వాగిమిన్ గొంతు సవరించుకుని, రాక్షసుణ్ణి ఒక్క క్షణం గాలిలోనే నిలిపాడు. మద్దెల మోగాకే కిందపడనిచ్చాడు.

"డౌన్‌లోడుదే అన్నా తప్పు."

తుకిరన్ తెర దగ్గరికి వంగాడు. "వాడు నాకోసం ఆగాడు, తమ్ముడూ."

"పెద్దవాడివి కదా," అన్నాడు వాగిమిన్, "ఆగడా మరి?"